చెయ్యి తీస్తే ఆగాలి

జాయ్‌స్టిక్‌తో మోటారు నడుపుదామనుకునేవాళ్లు మొదట అడిగేది, ఎంత స్పీడు వస్తుందని. దానికి జవాబు మోటారు అమ్మే షాపులోనే దొరుకుతుంది. నేనైతే వేరే మూడు అడుగుతాను. చెయ్యి తీసేస్తే ఆగుతుందా? ఎంత మెల్లగా తిరగగలదు? నడుస్తుండగా ఒక వైరు ఊడితే ఏం చేస్తుంది? మోటారు గిర్రున తిరగడం మొదటి సాయంత్రమే జరిగిపోతుంది. ఆ సంతోషంలో వీడియో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి, పనైపోయిందనుకుంటే నేర్చుకోవలసినదంతా అక్కడే వదిలేసినట్టు. ఈ అధ్యాయం ఆ వదిలేసిన భాగం కోసం.

సామాను తక్కువే. ఒక ఆర్డుయినో ఊనో బోర్డు, బొటనవేలితో కదిపే చిన్న జాయ్‌స్టిక్ మాడ్యూలు, ఎల్298ఎన్ డ్రైవరు బోర్డు, పసుపురంగు గేరుబాక్సుతో వచ్చే బీఓ మోటారు, దానికో చక్రం, రెండు లిథియం సెల్లులు, కొన్ని జంపరు వైర్లు. హైదరాబాదులో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో ఒక్క చుట్టు తిరిగితే అన్నీ సంచిలో పడతాయి. లేనివాళ్లకు ఆన్‌లైన్ ఉండనే ఉంది. ఒక మల్టీమీటరు, ఒక నోటుబుక్కు మాత్రం తప్పనిసరి. నోటుబుక్కు ఎందుకంటే ఇక్కడ వచ్చే అంకెలు మీ మోటారువి, మీ జాయ్‌స్టిక్‌వి. ఇంకొకరి ప్రోగ్రాములోంచి ఎత్తుకొస్తే పనికిరావు. ఫైనలియరులో రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కునేవాళ్లు పోగొట్టుకునేది డబ్బు ఒక్కటే అయితే నాకు పేచీ లేదు. ఈ అంకెలు తమ చేత్తో కొలిచే అవకాశాన్ని కూడా పోగొట్టుకుంటారు, అదీ నా బాధ.

జాయ్‌స్టిక్ విప్పి చూస్తే రహస్యమేమీ ఉండదు. పది కిలో ఓముల పొటెన్షియోమీటర్లు రెండు, ఒకటి అడ్డం కదలికకి, ఒకటి నిలువు కదలికకి. కింద ఒక నొక్కుడు స్విచ్చి. పుల్లని మధ్యకి లాగే స్ప్రింగులు. రేడియో వాల్యూము తిప్పే నాబులో ఉండేదీ ఈ పొటెన్షియోమీటరే. తేడా అంతా స్ప్రింగులో ఉంది. నాబు మీరు పెట్టినచోట ఉంటుంది. జాయ్‌స్టిక్ మీరు పట్టుకున్నంతసేపే అక్కడ ఉంటుంది. అందుకని ఫ్యానుకి, గ్రైండింగ్ చక్రానికి నాబే మేలు: ఒకసారి పెట్టి మన పని మనం చూసుకోవచ్చు. మనిషి కళ్లు పనిమీదే ఉండాల్సినచోట, కళ్లు తిప్పుకుంటే ప్రమాదం ఉన్నచోట, అంటే వీల్‌చైరు, క్రేను, బొమ్మకారు లాంటివాటికి స్ప్రింగు కావాలి. దర్జీ మిషనుకి తగిలించే మోటారు పెడలు కూడా ఈ జాతిదే. కాలు తీస్తే సూది ఆగుతుంది. మంచి దర్జీ పనితనం పొడవాటి కుట్టులో కనబడదు. కాలరు మూల తిరిగేచోట ఒక్కొక్క పోటూ విడిగా వేయించడంలో కనబడుతుంది.

ఇక కరెంటు సంగతి. ఊనో బోర్డు పిన్ను ఒక్కోటీ 20 మిల్లీఆంపులు హాయిగా ఇస్తుంది. 40 దాటితే చిప్పు పోవచ్చు. బీఓ మోటారు ఇరుక్కుపోయినప్పుడు ఆంపు దాకా లాగగలదు. కాబట్టి మధ్యలో డ్రైవరు కావాలి. చిన్న కరెంటుతో మాట చెబితే పెద్ద కరెంటుతో పని చేసిపెట్టే ఏర్పాటన్నమాట. ఇది కొత్త ఆలోచన కాదు. 1891లో హ్యారీ వార్డ్ లియొనార్డ్ అనే అమెరికా ఇంజినీరు, పెద్ద మోటారుకి ఒక ప్రత్యేక జనరేటరుతో కరెంటిచ్చి, ఆ జనరేటరు ఫీల్డు చుట్టలోని కొద్దిపాటి కరెంటుని మారుస్తూ మోటారు వేగాన్ని అదుపులో పెట్టాడు. లిఫ్టులు, గనుల హాయిస్టులు దశాబ్దాలపాటు ఆ పద్ధతిమీదే నడిచాయి. గదంతా ఆక్రమించే ఆ యంత్రాల పని ఇవాళ అరచేతిలో పట్టే బోర్డు చేస్తోంది.

ఆ బోర్డు వోల్టేజీని నిజంగా తగ్గించదు. అతివేగంగా స్విచ్చి వేస్తూ తీస్తూ ఉంటుంది. ఊనోలో 3, 5, 6, 9, 10, 11 పిన్నులు ఈ పని చేయగలవు. తొమ్మిదో పిన్నులో సెకనుకి సుమారు 490 సార్లు. ప్రోగ్రాములో 255 అని రాస్తే పూర్తిగా ఆన్, 128 అంటే సగం సమయం ఆన్, సగం ఆఫ్. మోటారు చుట్టలో కరెంటు అంత త్వరగా ఆగిపోదు, తిరిగే బరువైతే ఇంకా నెమ్మదిగా ఆగుతుంది, అందుకే మనకి కుదుపులు కాకుండా సగటు కనబడుతుంది. పాత సీలింగు ఫ్యాన్ల పెద్ద రెగ్యులేటరు డబ్బా మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉండేది గుర్తుందా? వేగం తగ్గించడానికి అందులోని రెసిస్టరు కరెంటుని వేడిగా తగలేసేది. వేసి తీసే పద్ధతిలో ఆ దుబారా చాలావరకు లేదు. చాలావరకు అంటున్నానెందుకంటే ఎల్298ఎన్ పాతకాలపు చిప్పు, సుమారు 2 వోల్టులు తనే తినేస్తుంది. 7.4 వోల్టుల సెల్లుల జత పెడితే మోటారుకి చేరేది అయిదున్నర లోపే. ఆరు వోల్టుల మోటారుకి అది సరిపోతుంది. అదే పెన్సిలు సెల్లులు నాలుగు పెట్టి, మోటారులో బలం లేదని మోటారుని తిట్టేవాళ్లున్నారు.

వైరింగులో మూడు చోట్ల ఎక్కువమంది ఆగిపోతారు, అవి చెప్పేసి ముందుకెళ్దాం. డ్రైవరు బోర్డు మీద వేగం ఆజ్ఞ తీసుకునే ఇనేబుల్ పిన్నుకి షాపునుంచే ఒక చిన్న ప్లాస్టిక్ జంపరు తొడిగి వస్తుంది. అది తీయకపోతే మోటారు ఎప్పుడూ పూర్తి వేగంతోనే తిరుగుతుంది, మీరెంత ప్రోగ్రాము రాసినా సరే. రెండోది, మోటారు బ్యాటరీ నెగటివూ ఆర్డుయినో గ్రౌండూ కలవాలి. మూడోది, దీర్ఘచతురస్రంగా ఉండే చిన్న తొమ్మిది వోల్టుల బ్యాటరీని మోటారుకి వాడొద్దు. అది స్మోక్ అలారంకి సరిపడే కరెంటు ఇస్తుంది, మోటారుకి కాదు. మోటారు కదలగానే వోల్టేజీ పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది, మీరేమో ప్రోగ్రాములో తప్పు వెతుకుతూ కూర్చుంటారు. మోటారు రెండు కాళ్లమధ్య 104 అని రాసి ఉండే సిరామిక్ కెపాసిటరు ఒకటి సోల్డరు చేస్తే విద్యుత్ గోల చాలా తగ్గుతుంది.

ఇప్పుడు మోటారు తగిలించకుండా జాయ్‌స్టిక్ ఒక్కదాన్నే బోర్డుకి కలిపి, వచ్చే అంకెల్ని తెరమీద చూడండి. ఊనో సున్నా నుంచి 5 వోల్టుల దాకా 0 నుంచి 1023 వరకు అంకెలుగా చెబుతుంది. మధ్యలో 512 రావాలి. రాదు. ఒకదానికి 503 వస్తుంది, ఇంకోదానికి 524 వస్తుంది. పుల్లని ముందుకి తోసి వదిలితే ఒక అంకె, వెనక్కి లాగి వదిలితే మరో అంకె. స్ప్రింగులు అంత కచ్చితంగా ఉండవు, ఉండాలని ఆశించడం కూడా తప్పు. నాలుగువైపులకీ తోసి వదులుతూ, ఆగినచోట వచ్చే అంకెలన్నీ నోటుబుక్కులో రాయండి. అన్నిటికన్నా పెద్దదీ చిన్నదీ చూసి, రెండువైపులా మరికొంత జాగా వదిలి గీత గీయండి. ఆ గీతల మధ్య ఏ అంకె వచ్చినా ప్రోగ్రాము దాన్ని సున్నాగా తీసుకోవాలి. డెడ్ జోన్ అనేది ఇదే. వెడల్పు ఎంతుండాలని అడిగితే, వదిలిన ప్రతిసారీ మోటారు ఆగేంత. అంతకన్నా ఒక్క అంకె కూడా ఎక్కువ వద్దు. భయపడి వెడల్పుగా పెడితే పుల్ల కదలికలో అన్నిటికన్నా విలువైన మొదటి భాగాన్ని పారేసుకున్నట్టు.

పుల్లని చివరి దాకా తోసినప్పుడు వచ్చే అంకెల్ని కూడా కొలిచే రాసుకోండి.

తరువాతి కొలత మోటారుది. చక్రం తగిలించి, ఏం మోయించబోతున్నారో ఆ బరువుతోనే, ప్రోగ్రాములో 0 నుంచి ఒక్కొక్క అంకె పెంచుతూ వెళ్లండి. కొంతసేపు మోటారు సన్నగా మూలుగుతుంది గానీ కదలదు. సెకనుకి 490 సార్లు స్విచ్చి వేసి తీయడం చెవికి వినబడేది అక్కడే. ఎక్కడో, 60కీ 90కీ మధ్య అనుకుందాం, గేర్ల రాపిడిని గెలిచి ఒక్కసారిగా కదులుతుంది. ఆ అంకె రాసుకోండి. ఇప్పుడు తగ్గిస్తూ రండి. కదలడానికి కావలసినదానికన్నా తక్కువ అంకెలో కూడా తిరుగుతూనే ఉంటుంది, ఇంకా కిందికి వెళ్లాక ఆగుతుంది. నిలబడ్డదాన్ని కదిలించడానికి పట్టే బలం, కదులుతున్నదాన్ని కదులుతూ ఉంచే బలం ఒకటి కావు. ఈ రెండు అంకెల మధ్య తేడా ఎంత ఎక్కువుంటే ఆ మోటారుని మెల్లగా నడపడం అంత కష్టం.

ఎక్కువమంది రాసే ప్రోగ్రాములో జాయ్‌స్టిక్ అంకెను నేరుగా 0–255 లోకి మార్చేస్తారు. దాంతో ఏమవుతుందో ఇప్పుడు మీకే అర్థమవుతుంది. డెడ్ జోన్ దాటినా మోటారు ఇంకా మూలుగుతూ ఉంటుంది. పుల్ల పావువంతు పైగా వెళ్లాక ఎగిరి పరుగెత్తుతుంది. నడిపేవాడికి అది మొండి మోటారులా అనిపిస్తుంది. మందు తేలికే. డెడ్ జోన్ అంచుని మోటారు కదిలే అంకెకి కట్టండి, పుల్ల చివరని 255కి కట్టండి. అంటే మీ అంచు 540, మోటారు అంకె 75 అయితే, 540 దాటగానే 75 వెళ్లాలి. పుల్ల కదిలిందంటే చక్రం కదలాలి. చేతికీ మోటారుకీ మధ్య నమ్మకం ఇక్కడ మొదలవుతుంది.

అయినా మెల్లని వేగాలు చాలా ఇరుగ్గా ఉన్నట్టనిపిస్తుంది. బొటనవేలితో కదిపే పుల్ల మొత్తం ప్రయాణమే రెండువైపులా కలిపి కొద్ది సెంటీమీటర్లు. దాన్ని అన్ని వేగాలకీ సమానంగా పంచితే మెల్లని వాటికి చోటు చాలదు. మనం ఎక్కువ నేర్పు చూపించాల్సింది మెల్లని వేగాల్లో కాబట్టి వాటికి ఎక్కువ చోటు ఇవ్వాలి. పుల్ల ఎంత వంగిందో 0 నుంచి 1 మధ్య విలువగా తీసుకుని దాన్ని దానితోనే గుణించండి. సగం వంచితే పావు వేగం, అయిదోవంతు వంచితే నూటికి నాలుగు వంతులు. చివరి దాకా తోస్తే మాత్రం పూర్తి వేగమే. వెనక దిశకి గుర్తు పోకుండా చూసుకోవాలి, ఎందుకంటే రుణసంఖ్యని దానితోనే గుణిస్తే ధనసంఖ్య అవుతుంది. రిమోట్ విమానాలు ఎగరేసేవాళ్లు ఈ వంపుని ఎక్స్‌పో అంటారు, తమ చేతికి తగ్గట్టు దిద్దుకుంటారు. పూర్తి వర్గం మరీ మందకొడిగా తోస్తే సగం తిన్నని గీత, సగం వంపు కలపండి. ఇందులో ఒకటే సరైన జవాబు అంటూ లేదు, పదేళ్ల పిల్లకీ వాళ్ల నాన్నకీ ఒకే వంపు నచ్చదు.

దిశ మార్చడం దగ్గరికి వద్దాం. ఈ ఒక్కచోట చేతిని యథాతథంగా నమ్మకూడదు. మనిషి పుల్లని పూర్తి ముందు నుంచి పూర్తి వెనక్కి రెప్పపాటులో లాగగలడు. మోటారు లోపల అప్పుడు జరిగేది లెక్కవేసి చూడండి. చుట్ట నిరోధం 5 ఓములు, సరఫరా 6 వోల్టులు అనుకుంటే, మోటారు ఇరుక్కుపోతే వెళ్లే కరెంటు 1.2 ఆంపులు. తేలిగ్గా తిరుగుతున్నప్పుడు ఇంత వెళ్లదు, ఎందుకంటే తిరిగే మోటారు తనే జనరేటరై సరఫరాకి ఎదురుగా దాదాపు అంత వోల్టేజీ పుట్టిస్తుంది. పూర్తి వేగంలో ఉండగా దిశ తిప్పేస్తే, అంతసేపూ ఎదురు నిలబడ్డ ఆ వోల్టేజీ కొత్త సరఫరాతో కలిసిపోతుంది. 12 వోల్టులు, 5 ఓములు: 2.4 ఆంపులు, ఇరుక్కున్నప్పటికి రెట్టింపు. ఎల్298ఎన్ ఒక్కో వైపు మోయగలిగింది 2 ఆంపులు. ఒకటి రెండుసార్లు తట్టుకుంటుంది. పిల్లలకి ఇచ్చి చూడండి, మధ్యాహ్నం లోపల ప్లాస్టిక్ గేరు పళ్లన్నా రాలతాయి, చిప్పన్నా కాలుతుంది.

అందుకని చేతి కోరికకీ మోటారుకీ మధ్య ఒక ర్యాంపు పెట్టాలి. ప్రతి 10 మిల్లీసెకన్లకీ మోటారు అంకె 3 కన్నా ఎక్కువ మారకూడదని ప్రోగ్రాములో రాస్తే, నిలబడ్డ చోటునుంచి పూర్తి వేగానికి సుమారు 0.85 సెకను పడుతుంది. దిశ మారాలంటే ముందు సున్నా దాకా దిగి, మళ్లీ ఎక్కాలి. ఎక్కే మెట్టు 3 ఉంటే దిగే మెట్టు 8 పెట్టండి. ఆగడం ఎప్పుడూ బయలుదేరడం కన్నా తొందరగా జరగాలి. వదిలాక కూడా ముక్కాలు సెకను పరుగెత్తే బండి గోడని తాకుతుంది. ప్రోగ్రాములో ఈ పది మిల్లీసెకన్ల లెక్కని డిలే పెట్టి కాకుండా గడియారం చూసి చేసే అలవాటు ఇక్కడే చేసుకోండి. డిలేలో కూర్చున్న ప్రోగ్రాముకి ఆ కాసేపు జాయ్‌స్టిక్ కనబడదు.

ర్యాంపుని మరీ నెమ్మదిగా పెట్టినా చెడిపోతుంది, దీనికి కారణం మోటారులో లేదు, మనలో ఉంది. చేత్తో నడిపే ఈ ఏర్పాటులో వేగం కొలిచే పరికరం, అంటే ఎన్‌కోడరు లాంటిది, ఏదీ లేదు. బరువు పెరిగితే మోటారు నెమ్మదిస్తుంది, ప్రోగ్రాముకి ఆ సంగతి తెలియదు. చూసి, ఇంకాస్త తోసేది మీరే. మీ కన్నే ఎన్‌కోడరు, మీ బొటనవేలే సవరణ. కన్ను చూసి వేలు కదిలేసరికే సెకనులో అయిదోవంతు పోతుంది. దానికి తోడు మోటారు ఒకటిన్నర సెకను ఆలస్యంగా స్పందిస్తే, చాలలేదనుకుని ఇంకా తోస్తారు; అప్పుడది ఎక్కువైపోతుంది; కంగారుగా వెనక్కి లాగుతారు. బండి అటూ ఇటూ ఊగుతుంది. నడిపేవాడు తనకే చేతకాదనుకుంటాడు. చాలాసార్లు చెయ్యి బాగానే ఉంటుంది, మధ్యలో కూర్చున్న ఆలస్యమే దాన్ని పాడుచేస్తుంది. నేర్చుకునేవాణ్ని విసుక్కునేముందు ర్యాంపు అంకె ఒకసారి చూడటం మంచిది.

ఆపడంలో రెండు రకాలున్నాయని చాలామందికి తెలియదు. ఇనేబుల్ పిన్నుని సున్నా చేస్తే కరెంటు ఆగిపోయి మోటారు తన ఊపు మీద దొర్లి ఆగుతుంది. ఇనేబుల్ ఆన్‌లోనే ఉంచి దిశ పిన్నులు రెంటినీ ఒకే స్థితిలో పెడితే మోటారు రెండు కాళ్లూ ఒకదానికొకటి కలిసిపోతాయి. తను పుట్టించే కరెంటే తనకి అడ్డుపడి గబుక్కున ఆగుతుంది. రెండూ చేసి చూడండి, తేడా చూడగానే తెలుస్తుంది. బొమ్మకారుకి మొదటిది చూడముచ్చటగా ఉంటుంది, బరువు ఎత్తేదానికి రెండోదే కావాలి.

సాధనకి నేను చెప్పే పని కూడా బరువు ఎత్తడమే. బల్ల అంచున మోటారు బిగించి, షాఫ్టుకి దారం చుట్టి, చివర నాలుగైదు ఇనుప నట్లు కట్టండి. వెనకాల గోడకి స్కేలు అంటించండి. నట్టు అడుగుభాగం సరిగ్గా 20 సెంటీమీటర్ల గీత దగ్గర ఆగాలి. ముందు కింద నుంచి పైకి, తరువాత పైనుంచి కిందికి. కిందికి దింపడం కష్టమని మొదటి ప్రయత్నంలోనే తెలుస్తుంది, ఎందుకంటే బరువు కూడా మోటారుతో కలిసి లాగుతుంది. నట్లు పెంచుతూ పోతే మరో విచిత్రం కనబడుతుంది: బ్రేకు వేసినా బరువు మెల్లగా జారుతూనే ఉంటుంది. కాళ్లు కలిపి వేసే బ్రేకుకి బలం మోటారు తిరిగితేనే పుడుతుంది. పూర్తిగా నిలబడితే దాని పట్టు సున్నా.

విశాఖ ఓడరేవులోనో ఉక్కు కర్మాగారంలోనో క్రేను నడిపేవాళ్లు రోజంతా చేసేది ఇదే పని, టన్నుల్లో. వాళ్ల క్రేనుకి మోటారు కాకుండా వేరే బ్రేకు ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపే అది విడిచి ఉంటుంది, కరెంటు పోగానే స్ప్రింగు దాన్ని బిగించేస్తుంది. చాలా క్రేన్ల జాయ్‌స్టిక్కులో పుల్ల మీద ఒక రింగుని పైకి లాగితేనే అది మధ్యలోంచి కదులుతుంది. మోచెయ్యి తగిలి బరువు కదిలిపోకుండా ఆ ఏర్పాటు. అనుభవమున్న ఆపరేటరు ఊగుతున్న బరువుని నిలపడానికి ఎదురు తోపు ఇవ్వడు. బరువు ముందుకు ఊగినప్పుడు క్రేనుని కాస్త ముందుకి జరిపి దాని నెత్తిన నిలబెడతాడు, ఊపు దానంతటదే చచ్చిపోతుంది. మీ దారం చివరి నట్లమీద కూడా ఇది ప్రయత్నించవచ్చు, మోటారుని చక్రాల బండి మీద పెట్టగలిగితే.

ఇక మూడో ప్రశ్న, వైరు ఊడితే ఏమిటన్నది. కావాలనే ఊడదీసి చూడండి, కాకపోతే చక్రాన్ని గాల్లో ఉంచి. జాయ్‌స్టిక్ గ్రౌండు వైరు లాగేస్తే అంకె 1023కి ఎగిరిపోతుంది. ప్రోగ్రాముకి అది పూర్తి వేగంతో ముందుకి అన్న ఆజ్ఞే. 5 వోల్టుల వైరు తీస్తే 0, అంటే పూర్తి వేగంతో వెనక్కి. నడిమి వైరు తీస్తే గాల్లో వేలాడే పిన్ను దానికి తోచిన అంకెలు చెబుతుంది. ఊడడానికి ఉన్న మూడు వైర్లలో ఏది ఊడినా బండి ఆగదు! స్ప్రింగు మధ్యకి తెచ్చింది కదా అని మనం నిశ్చింతగా ఉంటాం గానీ, స్ప్రింగు కాపాడేది మన చెయ్యి జారినప్పుడే.

దీనికి మందు మూడు రెసిస్టర్లు. జాయ్‌స్టిక్ 5 వోల్టుల కాలికి ముందు ఒక కిలో ఓము, గ్రౌండు కాలికి ముందు మరో కిలో ఓము, నడిమి వైరు ఊనోకి చేరేచోట గ్రౌండుకి 100 కిలో ఓములు. మాడ్యూలులో పొటెన్షియోమీటర్లు రెండూ పక్కపక్కన ఒకే సరఫరాకి కలిసి ఉంటాయి కాబట్టి బయటినుంచి అవి 5 కిలో ఓముల్లా కనబడతాయి. మల్టీమీటరుతో చూసి నిర్ధారించుకోండి. ఇప్పుడు పుల్ల ఎంత తోసినా అంకె సుమారు 146కీ 870కీ మధ్యనే తిరుగుతుంది. గ్రౌండు ఊడితే 950 దాటుతుంది, మిగతా రెండింట్లో ఏది ఊడినా సున్నాకి పడిపోతుంది. కాబట్టి 70 కన్నా తక్కువొచ్చినా 920 కన్నా ఎక్కువొచ్చినా అది చెయ్యి చెప్పిన మాట కాదు, వైరు చెప్పిన మాట. మోటారు ఆపేసి ఎర్ర దీపం వెలిగించండి. కొలతలన్నీ మారాయి కనుక మధ్య అంకె, చివరి అంకెలు మళ్లీ నోటుబుక్కులో రాయక తప్పదు.

ఇంకో తలుపు కూడా మూయాలి. స్విచ్చి వేసేసరికే పుల్ల పక్కకి వంగి ఉంటే? ఏదో పుస్తకం దానిమీద పడి ఉండొచ్చు. స్విచ్చి వేయగానే ప్రోగ్రాము పుల్లని వరసగా చాలాసార్లు చదివి, సగటు 450, 560 మధ్యలో ఉంటేనే దాన్ని ఆ రోజు మధ్య అంకెగా తీసుకోవాలి. లేకపోతే పుల్ల మధ్యకి వచ్చేదాకా కదలకూడదు.

పవరు వీల్‌చైరు సరిగ్గా ఇలాగే ప్రవర్తిస్తుంది. పుల్ల పక్కకి ఉండగా స్విచ్చి వేస్తే తప్పు చూపించి కదలనంటుంది. ఈ రకం కుర్చీకి పునాది వేసినవాళ్లలో జార్జ్ క్లైన్ ఒకడు. రెండో ప్రపంచ యుద్ధంలో వెన్నుపూస దెబ్బతిని, చేతులూ కాళ్లూ సరిగా ఆడని స్థితిలో ఇంటికొచ్చిన కెనడా సైనికుల కోసం, అక్కడి జాతీయ పరిశోధన మండలిలో పనిచేస్తూ ఆయన మోటారు కుర్చీ తయారుచేశాడు. చక్రాన్ని చేత్తో తిప్పలేనివాడు కూడా పుల్లని కాస్త వంచగలడు, అంతే చాలు. ఇప్పటి కుర్చీల జాయ్‌స్టిక్కుల్లో చాలావాటికి అరిగిపోయే పొటెన్షియోమీటరు ఉండదు, తాకకుండా కొలిచే సెన్సార్లుంటాయి. అంచు అంకెలొస్తే దాన్ని లోపంగా పరిగణించడం వాటికీ ఉంది. చేతులు వణికేవాళ్ల కోసం డెడ్ జోన్‌నీ ర్యాంపునీ సర్దుతారు. బల్లమీద మీరు నోటుబుక్కులో రాసుకున్న అంకెలే అక్కడ థెరపిస్టు ఒక మనిషి కోసం దిద్దే అంకెలు.

ఈ పని వచ్చాక 24 వోల్టుల మోటారు మీద చెయ్యి వేద్దామనిపిస్తుంది. ప్రోగ్రాములో మారేది తక్కువ: అంకెలన్నీ మళ్లీ కొలవాలి, ర్యాంపుని ఇంకాస్త నెమ్మది చేయాలి. బయట మాత్రం చాలా మారుతుంది. ఎల్298ఎన్ పక్కన పెట్టి, మోటారు ఇరుక్కున్నప్పుడు లాగే కరెంటుకి సరిపడే మాస్‌ఫెట్ డ్రైవరు తీసుకోండి. ఆ కరెంటు ఎంతో తెలియకపోతే చుట్ట నిరోధం కొలిచి 24ని దానితో భాగించండి. బ్యాటరీ పాజిటివు దగ్గరే ఫ్యూజు పెట్టండి. బ్యాటరీని మోటారునుంచి నేరుగా విడదీసే ఎర్ర పుట్టగొడుగు స్విచ్చి ఒకటి, ప్రోగ్రాముతో సంబంధం లేకుండా, నడిపేవాడి ఎడమచేతికి అందేచోట బిగించండి. కుడిచేతిలో జాయ్‌స్టిక్ ఉంటుంది.